నా పేర ఒక బుట్ట

పెద్దవంగర పక్క తండా,
15 జూన్ 2025

చెల్లెలు అనితకు,

లచ్చిరాం అన్న రాసేది. ఇక్కడ అందరం బాగున్నామని రాస్తే అబద్ధమవుతుంది. బాగాలేమని రాస్తే నువ్వు జవాబు రాయవు. కాబట్టి ఉన్నాం.

ఫోనుండగా ఉత్తరమేమిటని నవ్వకు. ఫోనులో మనిద్దరం రెండో నిమిషానికి కొట్లాటకు దిగుతాం, మూడో నిమిషానికి నువ్వు ‘డ్యూటీలో ఉన్నా’ అని పెట్టేస్తావు. ఉత్తరాన్ని మధ్యలో పెట్టెయ్యలేవు. ఇంకో కారణం కూడా ఉంది. నా బ్రాంచి పోస్టాఫీసుకు వచ్చేవన్నీ బ్యాంకు నోటీసులు, ఆధార్ కార్డులు. చేత్తో చిరునామా రాసిన కవరు చూసి ఎన్నాళ్లయిందో. ఇరవై రెండేళ్లుగా ఊరందరికీ టపా పంచుతున్న మనిషికి సొంత చెల్లెలి నుంచి ఒక్క ఉత్తరం రాదంటే నాకే చిన్నతనంగా ఉంది. మన లంబాడీ మాటకు అక్షరాలు లేవు కదా, బళ్లో నేర్చుకున్న తెలుగులోనే రాస్తున్నాను. తప్పులుంటే దిద్ది వెనక్కి పంపకు.

పత్తి గింజలు పెట్టాం. వాన మొహం చాటేసింది. నీ మేనకోడలు స్వప్న ఇంటర్ పాసైంది, జనగామలో డిగ్రీలో చేరతానంటోంది. మీ వదిన గోరీ మొదట వద్దన్నది, తర్వాత ట్రంకుపెట్టె కడిగి ఎండబెట్టింది. అంటే ఒప్పుకున్నట్టే.

యాడి పోయి, మనకు తల్లి లేక ఏడు నెలలైంది. నువ్వు పదకొండు రోజులు ఉండి వెళ్లావు, మళ్లీ రాలేదు.

అసలు సంగతి. తీజ్ పండగకు మన తండా పెద్ద, నాయక్ అమర్‌సింగ్ రోజులు పెట్టాడు. ఆగస్టు ఎనిమిదిన గోధుమలు చల్లడం, పదహారున మొలకలు చెరువులో కలపడం. గోరీ అప్పుడే దుస్సేరు తీగ తెప్పించి రెండు బుట్టలు అల్లి చూరుకు వేలాడదీసింది. ఒకటి స్వప్నకు, ఒకటి నీకు. నువ్వు ఆ బొగ్గుబాయి పనికి పోయి పదమూడేళ్లైనా, పెళ్లికాని ప్రతి ఆడపిల్ల పేరా మంచె మీద ఒక బుట్ట ఉండాలి కదా. ఇన్నాళ్లూ నీ బుట్టకు యాడి నీళ్లు మోసుకొచ్చేది, స్వప్న పోసేది. ఈసారి మోసే మనిషి లేదు. నువ్వే వస్తే బాగుంటుంది. తొమ్మిది రోజులు సెలవు దొరకదా?

నీ అన్న,
లచ్చిరాం

(కవరు మీద పిన్‌కోడు సరిగా రాయి. సొంత చెల్లెలివైనా సరే, పిన్‌కోడు పిన్‌కోడే.)


భూపాలపల్లి,
27 జూన్ 2025

అన్నకు,

నీ ఉత్తరం అందింది. సెలవు దొరకదు. అడగలేదు, కానీ దొరకదు.

ఏం రాయాలో తెలియడం లేదు. నా పని నీకెప్పుడూ చెప్పలేదేమో, అదే రాస్తాను. బా చేసిన బాయిలోనే ఉద్యోగం, కానీ తండ్రి దిగినట్టు నేను భూమి లోపలికి దిగను. పైన దీపాల గదిలో ఉంటాను. ఫస్టు షిఫ్టు వాళ్లు పొద్దున ఏడింటికి వచ్చి తమ నంబరు బిళ్ల నా చేతికిచ్చి, టోపీకి పెట్టుకునే దీపం తీసుకుంటారు. నేను బిళ్లను కొక్కేనికి తగిలిస్తాను. మూడింటికి పైకి వచ్చి దీపం ఇచ్చేసి బిళ్ల తీసుకుంటారు. కొక్కెం మీద బిళ్ల ఉందంటే ఆ మనిషి ఇంకా కింద ఉన్నాడని. డెబ్బై నాలుగు దీపాలు. దించేవాళ్లు దించుతారు, తవ్వేవాళ్లు తవ్వుతారు, నేను వాళ్లు పైకి వచ్చేదాకా ఎదురుచూస్తాను. అంతే ఉద్యోగం.

యాడి పోయినప్పటి నుంచి నాకేమీ అనిపించడం లేదు. ఏడుపు రాదు, నవ్వు రాదు, ఆకలి వేళకు తింటాను. చెయ్యి కిందేసుకుని పడుకుని లేస్తే కాసేపు ఆ చెయ్యి మనది కానట్టు ఉంటుంది చూడు, ఒళ్లంతా అలా ఉంది. దవాఖానకు పోతే పల్లవి అనే నర్సు బీపీ చూసి, బాగానే ఉందని చెప్పి, “రోజుకొక్క మంచి ముచ్చట రాస్కో అక్కా. చిన్నదైనా పర్వలే. రాసి జర దండం పెట్టుకో” అన్నది. మందు ఇవ్వనందుకు నాకు కొంచెం కోపం వచ్చింది. అయినా పాత షిఫ్టు కాగితాల వెనక రాస్తున్నాను. మొన్న: కుళాయి గంటసేపు వచ్చింది. నిన్న: వీరస్వామి చింతచిగురు పప్పు తెచ్చాడు, బాగుంది. ఇవాళ: రెండో కంచం కొన్నాను. దండం మాత్రం పెట్టడం లేదు. ఎవరికి పెట్టాలో తెలియదు.

బుట్ట విషయం. ఈసారి నా పేర పెట్టకండి. ఇక నాకు దాని అవసరం లేదు. ఎందుకో ఉత్తరంలో రాసేది కాదు.

స్వప్నను చదివించండి.

అనిత


తండా,
8 జూలై 2025

అనితకు,

నీ ఉత్తరం అందింది. దాని మీద ముద్ర వేసింది నేనే. సంచిలో వేసుకుని ఊరంతా తిరిగి, చివరికి మా ఇంటి ముందు బండి ఆపి “పోస్ట్” అని కేక వేసింది కూడా నేనే. గోరీ బయటకు వచ్చి “ఎవలకు?” అంటే “లచ్చిరాం గారికి” అన్నాను. ఆ సంబరం నాలుగు నిమిషాలే.

చదివి వినిపించాను. చివరికి వచ్చేసరికి గోరీ అరుగు మీద కూర్చుండిపోయింది. ఆడపిల్ల పేర బుట్ట ఆగేది మన తండాలో రెండింటికే. ఒకటి పెళ్లి. రెండోది నేను రాయను, నువ్వే ఉత్తరం రాశావు కాబట్టి అది కాదు. ఇక మిగిలింది ఒకటే కదా.

ఎప్పుడైంది అనితా? రెండో కంచం ఎవరికి? వీరస్వామి ఎవరు? పప్పు తెచ్చిపెట్టేంత మనిషి, కింద నుంచి వచ్చేదాకా నువ్వు ఎదురుచూసేంత మనిషి, ఒక మాటైనా మాకు చెప్పాలి కదా. పేరు చూస్తే మనవాడు కాడని తెలుస్తూనే ఉంది. నేను కులం అడగడం లేదు. కాలం మారింది, నాకూ తెలుసు. ఏ కులమో రాయి.

గోరీ ఏడ్చుకుంటూ అన్న మాట రాస్తున్నాను. “అత్త ఉన్నప్పుడే చెప్తే ముసలామె కండ్లార చూసి పోతుండె గద. పోయినంక గిట్ల చేసింది.” రెండు పూటలు అన్నం తినలేదు. మూడో పూట తిన్నది.

నాకున్న బాధ వేరు. మన ఆడపిల్ల పెళ్లై గడప దాటేటప్పుడు ఇంట్లో ఒక్కొక్కరి మెడా పట్టుకుని పాడి ఏడుస్తుంది. ఏడ్చి పోతుంది. నువ్వు ఎవరి మెడా పట్టుకోలేదు. ఇక్కడి నుంచి చేతిసంచితో పోయావు, అక్కడే ఉండిపోయావు. నేను నీకు చీర కూడా పెట్టలేదు.

అమర్‌సింగ్‌కు ఇంకా చెప్పలేదు. నీ జవాబు వచ్చేదాకా చెప్పను.

ఏమని సంతకం పెట్టాలో తెలియని
అన్న


భూపాలపల్లి,
16 జూలై 2025

అన్నకు,

నాకు పెళ్లి కాలేదు.

వీరస్వామికి యాభై తొమ్మిదేళ్లు దాటాయి. దీపాల గదిలో నాకు పెద్ద. ముగ్గురు మనవలు. నీ ఉత్తరం సంగతి చెప్తే, “వద్దు బిడ్డా, ఉన్న ఒక్కదానితోనే పరేషాన్ అయితున్న” అన్నాడు. గదిలో అందరూ నవ్వారు. నేను కూడా నవ్వినట్టు ముఖం పెట్టాను. ఆయన మాల. నువ్వు అడగలేదు కాబట్టి రాస్తున్నాను.

రెండో కంచం నాకే. ఒకటి తోమకుండా ఉన్న రోజు రెండోదానిలో తినొచ్చని కొన్నాను. మీకు అది అర్థం కాదు. మీ ఇంట్లో ఎవరో ఒకరు ఎప్పుడూ తోముతుంటారు.

సరే, ఎందుకో రాస్తాను. మొలకలు ఎంత ఎత్తు లేస్తే అంత మంచి మొగుడు వస్తాడని చిన్నప్పుడు మాకు చెప్పేవాళ్లు. ఇక్కడికి వచ్చాక ప్రతి ఏడూ యాడి ఫోను చేసి, “ఈసారి జానెడు లేచినయి బిడ్డా” అనేది. పదమూడేళ్లు అదే మాట. ఎవరూ రాలేదు. వచ్చిన ఇద్దరు ముగ్గురిని నేను రానివ్వలేదు, అది వేరే. మోకాలు నొప్పితో బిందె మోసి మోసి ఆమె నా కోసం ఒక మొగుణ్ణి అడుగుతూనే ఉంది. అడుగుతూనే పోయింది. నేను ఆమెకు ఇవ్వగలిగింది ఏదైనా అడిగి ఉంటే బాగుండేది.

ఇక నా కోసం ఎవరూ ఏమీ అడగొద్దు. నా బతుకు ఇలాగే బాగుందని అనను. ఇలాగే ఉంది. పొద్దున లేస్తాను, టీ పెట్టుకుంటాను, ఆ టీ ఎవరికీ పంచనక్కర్లేదు. సాయంత్రం తలుపు తీస్తే నేను పెట్టిన వస్తువు పెట్టిన చోటే ఉంటుంది. దీనికి మందు వెయ్యకండి.

ఇంకొకటి. యాడి పోయిన రోజు నేను ఏడవలేదు. ఆడవాళ్లంతా చూశారు. నువ్వూ చూశావు. ఎనిమిది నెలలుగా ఆ మాట ఎత్తవు. నువ్వు దాని గురించే అడుగుతావని భయపడి డ్యూటీలో ఉన్నానని ఫోను పెట్టేసేదాన్ని. చాలాసార్లు డ్యూటీలో లేను.

వదినను అన్నం తినమని చెప్పు.

అనిత


తండా,
30 జూలై 2025

అనితకు,

నీ ఉత్తరం 22వ తేదీన అందింది. విషయం గ్రహించాను.

నీ కోరిక ప్రకారం ఈ సంవత్సరం నీ పేర బుట్ట పెట్టబడదు. అమర్‌సింగ్‌కు తెలియజేశాను. “అట్లయితే ఆ పిల్ల తండా లెక్కల లేనట్టే గదా” అన్నాడు.

గోరీ ఆ బుట్టలో ఉల్లిగడ్డలు పోసింది.

రాఖీ ఆగస్టు తొమ్మిదిన. పంపేదీ లేనిదీ నీ ఇష్టం. మందు వెయ్యవద్దని రాశావు కాబట్టి ఇక ఇటు నుంచి ఏమీ రాదు.

ఇట్లు,
లచ్చిరాం,
బ్రాంచి పోస్ట్‌మాస్టర్


భూపాలపల్లి,
9 ఆగస్టు 2025

అన్నకు,

రాఖీ ఈ కవరులోనే ఉంది. ఆలస్యమైంది, తెలుసు.

నీ పోస్టాఫీసు ఉత్తరం నాలుగుసార్లు చదివాను. కోపం రావాల్సింది, రాలేదు. ఆ రోజు కాగితం మీద ఏం రాయాలో తోచక ‘ఉత్తరం వచ్చింది’ అని రాశాను.

నిన్న జరిగింది చెప్తాను. మధ్యాహ్నం మూడున్నరకు డెబ్బై మూడు దీపాలు వచ్చాయి. ఒక బిళ్ల కొక్కెం మీద ఉండిపోయింది. నంబరు 118, రాజలింగుది. రోజూ అందరికన్నా ముందు వచ్చి “మేడం, జల్దీ” అని బల్ల మీద తట్టే మనిషి. వీరస్వామి కిందికి ఫోను కొట్టాడు. ఒకసారి “ఇక్కడ లేడు” అన్నారు, ఇంకోసారి “చూస్తున్నం” అన్నారు. స్నానాలు చేసినవాళ్లు కూడా ఇంటికి పోకుండా బయట నిలబడ్డారు.

నా డ్యూటీ అయిపోయింది. రెండో షిఫ్టు మనిషికి తాళాలు ఇచ్చి పోవాలి. ఇవ్వలేదు. ఎవరో వెనక నుంచి, “ఆ బిళ్ల తీసి పక్కకు పెట్టు మేడం, వేరేటియి తగిలియ్యాలె” అన్నారు. నేను కొక్కెం ముందుకు వెళ్లి నిలబడి, “ఆయన వచ్చేదాక ఆ బిళ్ల గాడనే ఉంటది. ఎవరూ ముట్టొద్దు” అన్నాను. అరిచాననుకుంటాను. పదమూడేళ్లలో ఆ గదిలో నా గొంతు అంత పైకి లేవలేదు.

నాలుగుంబావుకు రాజలింగు వచ్చాడు. కాలు మడతపడితే ఎవరికీ చెప్పకుండా గోడ పట్టుకుని మెల్లగా నడిచి వచ్చాడట. “ఏంది మేడం గట్ల జూస్తున్నవ్? నా బిళ్ల నాకియ్యి, ఆకలైతున్నది” అన్నాడు. దీపం నా చేతిలో పెట్టాడు. వేడిగా ఉంది. బిళ్ల ఇచ్చాను. తర్వాత తాళం కింద పడిందని బల్ల కిందికి వంగాను, అక్కడే ఏడ్చాను. ఎంతసేపో తెలియదు. వీరస్వామి తలుపుకు అడ్డంగా నిలబడి ఎవరినీ లోపలికి రానివ్వలేదట. నేను లేచాక టీ పోసి ఇచ్చి, తన మనవడికి జ్వరమని వేరే ముచ్చట చెప్పాడు.

రాజలింగు కోసం అంత ఏడుపు రాదన్నా. ఆ మనిషి ఇల్లు ఎక్కడో కూడా నాకు తెలియదు. అది యాడిది. నవంబరు నుంచి బాకీ ఉన్నది.

ఇంటికి వచ్చి రాసుకున్నాను: 118 వచ్చింది. మొదటిసారి దండం పెట్టాను. ఎవరికో ఇప్పుడూ తెలియదు.

చేతులు దించాక గుర్తొచ్చింది, నిన్న మన తండాలో గోధుమలు చల్లే రోజు. అప్పటి నుంచి ఒకటే ఆలోచన. మనిషి వచ్చేదాకా బిళ్ల తియ్యొద్దని నేను అరిచాను కదా. యాడి నిజంగా మొగుడి కోసమే నీళ్లు మోసిందా? నువ్వు దగ్గరున్నావు, నీకు తెలిసి ఉంటుంది. నిజం రాయి. నా మనసు కోసం కల్పించి రాయకు, పట్టేస్తాను.

మంచె మీద నా బుట్ట ఉండే చోట ఇప్పుడు ఏముంది?

అనిత


తండా,
17 ఆగస్టు 2025

చెల్లెమ్మకు,

నీ బుట్ట ఉండే చోట ఏమీ లేదు. పిల్లలు ఎనిమిది బుట్టలు వరసగా పెట్టి, స్వప్న బుట్ట పక్కన ఒక బుట్ట పట్టేంత జాగా వదిలేశారు. ఎవరూ వదలమని చెప్పలేదు. ఏటా అక్కడ ఒకటి ఉంటుంది కదా, అలవాటు.

యాడి సంగతి అడిగావు. నీకు ముప్పై దాటిన ఏడు అమర్‌సింగ్ అందరి ముందూ, “ఇగ చాలు అవ్వా. పిల్ల ముదిరింది. బుట్ట ఆపరాదు?” అన్నాడు. యాడి నీళ్ల బిందె కింద పెట్టింది. అన్నది మన మాటలో, నేను తెలుగు చేసి రాస్తున్నాను. “నా బిడ్డ పెండ్లి చేస్కుంటె వాళ్లింట్ల ఉంటుండె. చేస్కోలె. అంటె మా ఇంట్లనే ఉన్నది. యాడ పని చేసినా మా ఇంట్లనే ఉన్నది. మనిషి ఉన్నన్ని రోజులు బుట్ట ఉంటది.” అని బిందె ఎత్తుకుని పోయింది. ఆ తర్వాత అమర్‌సింగ్ మళ్లీ ఆ మాట ఎత్తలేదు, నేను పోయి పేరు తీయించేదాకా. మొగుడి ముచ్చట ఆమె నోట నేను ఒక్కసారి కూడా వినలేదు. జానెడు లేచినయి అని నీకు చెప్పేది, జానెడు లేచినయి కాబట్టి. ఇది కల్పించింది కాదు. గోరీ సాక్షి, కావాలంటే వేలిముద్ర వేస్తుంది.

నీకు ఇదంతా తెలుసనుకున్నాను. తెలిసీ వద్దంటున్నావంటే మమ్మల్నే వద్దంటున్నావనుకున్నాను. చెల్లెలి బతుకులో నేను మందులు అమ్మేవాడినయ్యానా అని రోషం వచ్చి ఆఫీసు ఉత్తరం రాశాను. ఆ ‘పెట్టబడదు’ అన్న మాట రాసిన రోజు నుంచి నాకు అన్నం సయించలేదు. గోరీ ఉల్లిగడ్డల కోసం ఆ బుట్టలో చెయ్యి పెట్టినప్పుడల్లా నేను బయటికి పోయేవాణ్ణి.

ఏడవలేదని నేను చూశాననుకుంటున్నావు. నేను చూసింది వేరే. పదకొండు రోజులు ఇంటికి నీళ్లు నువ్వే మోశావు. వచ్చిన ప్రతి మనిషికీ చెంబు అందించావు. నేను పొలం గట్టు మీద పడి ఏడుస్తుంటే ఇంట్లో పొయ్యి వెలిగించింది నువ్వు. ఇంటికి పెద్దవాణ్ణి నేను, పెద్దరికం చేసింది నువ్వు. ఆ మాట ఎత్తకపోవడం కోపంతో కాదు అనితా, సిగ్గుతో.

నీ ఉత్తరం పదమూడున వచ్చింది. రాఖీ స్వప్న కట్టింది, నీ పేర. చేతికి రాఖీ ఉండగానే లేచి ఉల్లిగడ్డలు నేల మీద కుమ్మరించాను. పుట్టమన్ను తెచ్చాను. గోధుమలు రాత్రే నానబెట్టి ఉన్నాయి, పాయసానికని. గోరీ “మొగోనివి, నీకేం పని గిదంత?” అని అరిచి, తనే పోయి మేక ఎరువు తెచ్చి మట్టిలో కలిపింది. స్వప్న చల్లి నీళ్లు పోసింది. తీసుకుపోయి ఆ జాగాలో పెట్టాం. అమర్‌సింగ్ చూశాడు. దగ్గాడు.

కానీ నాలుగు రోజుల్లో గోధుమలు ఎంత లేస్తాయి? నిన్న అందరి బుట్టలూ జానెడు ఎత్తున ఊగుతుంటే నీది బియ్యపు గింజంత తెల్లగా ఉంది. చిన్నపిల్లలు నవ్వారు. చెరువు దగ్గర స్వప్న దాన్ని కలపబోతే నేను చెయ్యి అడ్డం పెట్టాను. తొమ్మిది రోజులు నిండనిది కలపకూడదు. దానికింకా నాలుగు రోజులు ఉంది.

చిక్కేమిటంటే స్వప్న రేపు జనగామ పోతోంది, హాస్టలుకు. పెళ్లైనది కాబట్టి గోరీ పోయకూడదు, మొగవాణ్ణి నేను పోయకూడదు. ఈ ఇంటికి పెళ్లికాని ఆడపిల్లవి ఇక నువ్వే దిక్కు. అందుకని రేపు తొర్రూరు పోయి బుట్టను బస్సు పార్సిలులో వేస్తున్నాను. ఈ ఉత్తరం మొలకలకు తగలకుండా బుట్ట అడుగున కట్టాను. తడిస్తే చదవగలిగినంత చదువు.

నీ అన్న,
లచ్చిరాం

(పార్సిలు మీద పిన్‌కోడు పెద్ద అక్షరాలతో రాశాను.)


భూపాలపల్లి,
23 ఆగస్టు 2025

అన్నకు,

బుట్ట పంతొమ్మిదిన వచ్చింది. సగం మట్టి బస్సులోనే ఉండిపోయింది. పార్సిలు ఇచ్చేవాడు మూత తీసి చూసి, “గడ్డి పంపిండ్రు మేడం, మేకలున్నయా?” అన్నాడు. లేవన్నాను. ఉత్తరం తడిసింది. ‘సిగ్గుతో’ అన్న చోట సిరా పాకింది, అయినా చదివాను.

దీపాల గదికి తూర్పు కిటికీ ఉంది. వీరస్వామి ఛార్జింగు పెట్టెలు జరిపి జాగా చేశాడు. మూడు పూటలా నీళ్లు పోశాను. పాట సగమే గుర్తుంది. ఆ సగమే పాడాను, అదీ నోట్లోనే. బస్సులో ఉన్న రోజు లెక్కలోకి వస్తుందో రాదో అమర్‌సింగ్‌ను అడుగు. ఎందుకైనా మంచిదని నేను ఒక రోజు ఎక్కువే పోశాను. నాలుగు వేళ్ల ఎత్తు లేచాయి. జానెడు కాదు. ఉన్నంత రాస్తున్నాను.

నిన్న పొద్దున రాజలింగు కుంటుకుంటూ వచ్చి, “గిది దేనికి మేడం?” అన్నాడు. ఆడపిల్లలు పెంచి అన్నదమ్ముల పాగాలో పెడతారని చెప్పాను. రెండు మొలకలు తెంపుకుని టోపీకి దీపం బిగించే చోట చెక్కుకున్నాడు. వెనకవాడు చూశాడు, వాడూ అడిగాడు. అలా ఒకరి వెనక ఒకరు. ఏడున్నర అయ్యేసరికి బుట్ట బోడిగా మిగిలింది. మూడింటికి అందరూ వాడిపోయిన మొలకలతో పైకి వచ్చారు. డెబ్బై నాలుగు. వేళ్లూ మట్టీ సాయంత్రం పోయి వాగులో కలిపాను. నాతో పాడేవాళ్లు లేరు. అయినా కలిపాను.

ఏదో మారిపోయిందని రాస్తే నువ్వు పండగ చేసుకుంటావు, అందుకని ఉన్నది రాస్తున్నాను. ఇప్పటికీ చాలా పొద్దులు ఏమీ అనిపించదు. టీ తాగుతాను, అది టీ లాగే ఉంటుంది. కానీ కాగితం మీద రాసేవాటికి ఇప్పుడు కొంచెం ఆగుతున్నాను. వీరస్వామి తలుపుకు అడ్డం నిలబడ్డాడని రాసి ఆగాను. కుళాయి వచ్చిందని రాసి కూడా ఆగాను, పైన ఉండే ఆమె నేను డ్యూటీలో ఉన్నప్పుడు నా బిందెలు పడుతుందని అప్పుడు గుర్తొచ్చింది. మూడేళ్లుగా పడుతోంది. నేను ఎప్పుడూ మంచి మాట ఒక్కటి అనలేదు. నిన్న వెళ్లి అన్నాను. “గదేంది, కొత్తగ?” అని కంగారుపడి నాకు జ్వరమేమోనని నుదురు పట్టి చూసింది.

రెండో కంచంలో ఆమెకు పెట్టాను.

ఈ కవరులో నాలుగు మొలకలు ఉన్నాయి, రాజలింగు అడగకముందే దాచినవి. నీకు పాగా లేదు, టపా సంచికి కట్టుకో. ఎండిపోయి ఉంటాయి, పర్వాలేదు.

అమర్‌సింగ్‌తో నా పేరు మళ్లీ రాయించు. నువ్వే పోయి తీయించావు కాబట్టి నువ్వే పో.

స్వప్నకు జనగామలో సెలవు దొరకదేమోనని వదిన ఇప్పటి నుంచే దిగులు పెట్టుకోవద్దని చెప్పు. వచ్చే ఏడు తొమ్మిది రోజుల సెలవుకు ఇవాళ కాగితం పెట్టాను. “ఏడాది ముందుగాల సెలవు అడిగెటోళ్లను నేను జూడలే” అన్నాడు వీరస్వామి. స్వప్న రాలేకపోతే దాని బుట్టకూ నీళ్లు నేనే పోస్తాను. పోసే హక్కు నాకుంది కదా. నేనింకా మన ఇంటి పెళ్లికాని పిల్లనే.

నీ చెల్లెలు,
అనిత